రోలర్ల మీద నీలం కారు

ఎలీసమ్మ కొబ్బరిపీచుతో జీపు చక్రం రుద్దుతోంది. బకెట్లో నురగ అప్పుడే బూడిదరంగుకు తిరిగింది. టైరు గాళ్ళలో ఇరుక్కున్న గులకరాయిని గోటితో పెళ్ళగించి పక్కన పడేసి, మళ్ళీ పీచు అందుకుంది. పొద్దున్న తాగిన టీ గ్లాసు గట్టుమీదే ఉండిపోయింది. దానికి చీమలు పట్టాయి.

షెడ్డులోకి ఏ బండి వచ్చినా, బయటికి వెళ్ళేముందు దాని చక్రాలు ఆవిడ చేతుల మీదుగా పోవలసిందే. ఎవరూ పురమాయించిన పని కాదు. "ఇంటికొచ్చినోలికి కాళ్ళకి నీళ్ళిత్తాం గదా. ఎల్లేవోలికెందుకియ్యకూడదు?" అంది పెళ్ళయిన కొత్తలో మొగుడితో. సత్యరాజు నవ్వి ఊరుకున్నాడు. అప్పటినుంచీ విజయనగరంలో ఎస్.కోట రోడ్డు మీది సత్యరాజు షెడ్డుకి రెండు పేర్లున్నాయి. ఇంజను చెప్పినమాట వినేలా చేస్తాడని ఒకటి, చక్రాలు పెళ్ళికొడుకు కాళ్ళలా మెరుస్తూ బయటికొస్తాయని ఒకటి.

ఒక్క కారు చక్రాలను మాత్రం ఆవిడ ముట్టలేదు. షెడ్డు లోపల, నేలలో దింపిన ఇనప రోలర్ల మీద ఎక్కించి, నాలుగు మూలలా పట్టీలు వేసి బిగించిన నీలం కారు అది. అనంతగిరి ఘాట్ మట్టి చక్రాలకు ఎర్రగా ఎండిపోయి ఇంకా అంటుకునే ఉంది. ఎడమ తలుపు కొత్తది. దానికి రంగు వెయ్యలేదు.

పోయిన రోజున పాల్ కూర్చున్నది ఆ తలుపు పక్కనే.

కిందటి వారం మనం సత్యరాజు పంపిన కబురు దగ్గర ఆగాం. కొండ ఎక్కే పందెం కోసం సత్యరాజు కొడుకు పాల్ ముచ్చటపడి తయారుచేసుకున్న కారు అది. ఇంజను బలం నాలుగు చక్రాలకూ అందే జపాను కారు. పందేనికి ముందు వానలో ఓసారి ఘాట్ ఎక్కి చూద్దామని వెళ్ళిన రోజున స్టీరింగు పట్టుకున్నది పాల్ కాదు, ఎలీసమ్మ మేనల్లుడు ధర్మేంద్ర. మలుపులో కారు గిర్రున తిరిగి ఎడమవైపుతో కొండరాయిని కొట్టింది. పాల్ పోయాడు. ధర్మేంద్ర కుంటికాలితో మిగిలాడు. పాల్ చెల్లెలు స్వర్ణకీ అతనికీ కుదిరిన పెళ్ళి ప్రకటన చర్చిలో చదవాల్సిన ఆదివారం, ఎవరూ ఏమీ అనకుండానే దాటిపోయింది. "నాను తిప్పలేదు మావా. ఎనకసక్రాలు వాటంతటవే జారిపోనాయి" అని ఆసుపత్రి మంచం మీదనుంచి ధర్మేంద్ర చెప్పిన మాట సత్యరాజును నెలల తరబడి కాల్చింది. తన చేత్తో బిగించి పంపిన బండి అది. దాని మీద మాట పడితే కొడుకును తనే చంపుకున్నట్టు. నుజ్జయిన కారును తెచ్చుకున్నాడు. ఇంజనూ గేరుబాక్సూ చక్రాలూ ఆనాడున్నవి ఉన్నట్టే ఉంచి, విరిగినవి మాత్రం అతికాడు. చివరికి మేనల్లుడికి కబురు పెట్టాడు. "మంగళారం రా. నీ కళ్ళెదటే డైనో రోలర్ల మీదెక్కించి తిప్పుతాను. బండిలో లోపముంటే నీ కాళ్ళట్టుకుంటాను. నేదంటే ఈ గుమ్మం తొక్కకు. మా గుంట స్వర్ణ పేరు నీ నోట ఇనపడకూడదు."

ఈవేళ మంగళవారం.

గేటు కిర్రుమంది. ధర్మేంద్ర ఆమదాలవలసలో రైలెక్కి, విజయనగరంలో దిగి, ఆటోలో వచ్చినట్టున్నాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఎడమకాలు ఈడుస్తూ వచ్చి, బకెట్టు దగ్గర ఆగాడు.

"అత్తా."

ఎలీసమ్మ తల ఎత్తలేదు. "ఏటైనా తిన్నావురా?"

"తిన్నాను. రైల్లో ఇడ్లీ."

"అబద్దం సెప్పకు. మొకం పీక్కుపోనాది."

"నిజమే అత్తా. అయి ఇడ్లీలు గావు, బ్రేకు ప్యాడ్లు. నమిలేసరికి అలిసిపోనాను."

ఎలీసమ్మ పెదవి ఒక పక్కకు కదిలింది. అది నవ్వయ్యేలోపే ఆపేసుకుంది. ఆ ఇంట్లో అలాంటి మాటలు మాట్లాడేది పాల్. ధర్మేంద్ర అవి అతని దగ్గరే నేర్చుకున్నాడు. తడిచేతిని చీరకు తుడుచుకుని, మేనల్లుడి మోచెయ్యి ఓసారి పట్టుకుని వదిలింది. "ఎల్లు. మీ మావ సూస్తన్నాడు."

షెడ్డు గుమ్మంలో సత్యరాజు నిలబడి ఉన్నాడు. "ఒచ్చేవా డ్రైవరుబాబూ! రా, కుర్చీ ఎయ్యమంటావా?"

"నిలబడతాను మావా."

"నిలబడు. నిలబడగలిగినోడివి నువ్వొక్కడివే గదా."

లోపల ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న స్వర్ణ ఈ మాటలన్నీ వింది. తల తిప్పలేదు. తిప్పితే బావ కాలు కనిపిస్తుంది. ఎచ్చెర్లలో చదువు అయిపోయి ఇంటికొచ్చాక ఈ కుర్చీలో ఆమెను కూర్చోబెట్టింది పాలే. "నాను తొక్కుతాను, నువ్వు సూడు. కళ్ళు నీవి, కాళ్ళు నావి" అనేవాడు. ఇంజనుకు ఎక్కడ ఎంత పెట్రోలు పడాలో, ముందు చక్రాలకెంత బలం పోవాలో, వెనక్కెంత పోవాలో అన్నాచెల్లెళ్ళిద్దరూ గీత గీతగా సరిదిద్దుకున్న కారు ఇది.

బయట రోడ్డు కదలదు, కారు పరిగెడుతుంది. బండి బలం కొలిచే డైనో మీద కారు కదలదు, రోడ్డే పరిగెడుతుంది. ముందు జత రోలర్లూ వెనక జత రోలర్లూ ఒకే వేగంతో తిరగాలి. లేకపోతే నాలుగు చక్రాలూ లాగే బండికి మధ్యనుండే గేర్లు మాడిపోతాయి. అందుకే సత్యరాజు రెండు జతల్నీ పొడుగాటి బెల్టుతో కలిపి పెట్టుకున్నాడు. అతను పట్టీలను మరోసారి లాగి చూసి, పొగగొట్టానికి పైపు తగిలించి, ముందున్న పెద్ద ఫ్యాను వేసి, డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కొడుకు పోయాక ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి.

"నాన్నా, రెడీ" అంది స్వర్ణ మెల్లగా.

ఇంజను లేచింది. రేకుల కప్పు అదిరింది. గోడమీద పాల్ తగిలించిన పాత క్యాలెండరు ఊగింది. తెరమీద బలాన్ని చూపే ఎర్రగీత ఎక్కసాగింది. ఆఖరిసారి పాల్ తొక్కినప్పుడు గీసిన గీత దాని వెనకే పలచగా ఉంది. కొత్త గీత దాని మీదనే, వెంట్రుకవాసి తేడా లేకుండా, అన్న అడుగులో అడుగేసినట్టు ఎక్కింది.

సత్యరాజు కారు ఆపి దిగాడు. ముఖంలో గెలుపు లేదు.

"సూడరా. దగ్గరికొచ్చి సూడు. ముందుకెంతెల్లాలో అంతే ఎల్తన్నాది, ఎనక్కెంతెల్లాలో అంతే ఎల్తన్నాది. నాలుగు సక్రాలూ లాగే బండి ఇది. వాన్లోనైనా, బురదలోనైనా తోకాడించదు. ఆడించిందంటే తొక్కినోడిది తప్పు. ఏటంటావు?"

ధర్మేంద్ర తెరకేసి చూశాడు. "నాకు తెల్దు మావా. జారిపోనాదంతే. వాడు కూడా అన్నాడు..." ఆగిపోయాడు.

"ఏటన్నాడు?"

"'ఒరే, ఎనకాల ఏటైనాది' అన్నాడు. అదే ఆఖరిమాట."

సత్యరాజు మీదికి అడుగేశాడు. "సచ్చిపోనోడు సాక్షికి రాడని తెలుసునేటి నీకు?"

"నాన్నా" అంది స్వర్ణ. "ఇంకోసారి తిప్పు."

"ఎందుకే? సూసేం గదా."

"ఇంకొక్కసారి."

ఆమె కళ్ళకి ఏదీ తప్పుగా కనిపించలేదు. చెవికి వినిపించింది. ఇంజను హోరు కింద, కారు వెనకనుంచి, సన్నటి కూత. వంటింట్లో పప్పు తాలింపు వేస్తూ కూడా ఆ కూతను పోల్చుకోగలదు ఆమె. ఎన్నో సాయంత్రాలు విన్నదే. కాని ఇప్పుడు అది ఈ కారునుంచి రాకూడదు.

రెండోసారి ఇంజను లేచినప్పుడు స్వర్ణ తెర వదిలేసి కళ్ళు మూసుకుంది. ముందునుంచి కాలిన రబ్బరు వాసన గుప్పుమంది. కొత్త టైర్లు రోలర్ల మీద కరిగేటప్పుడు వచ్చే వాసన. వెనకనుంచి వాసన లేదు. కూతే.

కళ్ళు తెరిచి తెరమీద ఇంకో గీతను పైకి తెచ్చింది. వెనక రోలరు తిరిగిన దానికంటే వెనక చక్రం ఎక్కువ తిరిగింది. చక్రం రోలరును పట్టుకోవడం లేదు. జారుతోంది.

ఇనప రోలర్లు టైర్లను తినేస్తాయి. వాటిమీద వేడెక్కి, చల్లారి, మళ్ళీ వేడెక్కిన రబ్బరు పైకి బాగానే కనిపిస్తుంది గాని లోపల పెంకు కట్టిపోయి కూత పెడుతుంది. రోడ్డును పట్టదు, అందులోనూ తడిరోడ్డును. అందుకని సత్యరాజు షెడ్డులో పరీక్షకు వేరే చక్రాలు. నాలుగు చక్రాలూ లాగే బండికి టైర్లన్నీ ఒకే కొలత, ఒకే రకం కావాలని పాల్ ఒకేలాంటివి ఎనిమిది తెచ్చి, రిమ్ములకు ఎక్కించాడు. నాలుగు రోడ్డుకి, నాలుగు రోలర్లకి. తేడా తెలియడానికి రోలరు చక్రాల టైర్ల పక్కగోడమీద సుద్దముక్కతో పెద్ద ఇంటూ గుర్తు గీసేవాడు సత్యరాజు. ఇంటూ ఉన్న చక్రం గేటు దాటకూడదు. ఆ షెడ్డుకి అదొక్కటే చట్టం.

ఇంజను ఆగాక స్వర్ణ లేచి కారు చుట్టూ తిరిగింది. ముందు టైరుమీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా, జిగురుగా ఉంది. వెనక టైరుమీద ఆనించింది. చెయ్యి సర్రున జారింది.

అన్న ఘాట్ ఎక్కడానికి బయల్దేరిన ఆ మధ్యాహ్నం మొత్తం ఆమె కళ్ళముందు నిలబడింది.

ఆఖరి పరీక్ష అయ్యాక పాల్ కారును వాకిట్లోకి తెచ్చి, ముందువైపు రెండు రోలరు చక్రాలూ విప్పేసి, రోడ్డు చక్రాలు బిగించాడు. విప్పినవి తీసుకెళ్ళి షెడ్డు మూల టార్పాలిన్ కింద పెట్టాడు. ఇక వెనకవి మార్చాలి. రోడ్డు చక్రాలు రెండూ తెచ్చి కారు పక్కనే ఉంచుకున్నాడు కూడా. అప్పుడే తనే కేకేసింది, "అన్నా, సేపల పులుసు సల్లారిపోతన్నాది" అని. పాల్ చేతులు కడుక్కుని వచ్చాడు. ధర్మేంద్ర వచ్చాడు. వాళ్ళు తింటూ నవ్వుకుంటూ ఉండగా, అమ్మ బకెట్టూ పీచూ తీసుకుని బయల్దేరింది. "నా కొడుకెల్తన్నాడు. బండి కాళ్ళు కడిగీసొస్తాను." కాసేపటికి మబ్బు పట్టింది. అమ్మ తిరిగొచ్చి, "పక్కనున్న సక్రాలు రెండూ వాన్లో తడిసిపోతాయని టార్పాలిను కిందకి దొల్లించీసేను" అని చెప్పింది. ఎవరితో చెప్పిందో. ఎవరూ వినలేదు. బయటినుంచి వచ్చిన నాన్న కారు చూశాడు. నాలుగు చక్రాలూ కడిగి తళతళలాడుతున్నాయి. దేనిమీదా ఇంటూ లేదు. మార్చడం అయిపోయిందనుకున్నాడు. నట్లన్నీ తన చేత్తో మరోసారి బిగించి, జాకీ దింపి, గేటు తీశాడు.

భోజనం చేసి తిరిగొచ్చిన పాల్ కూడా అంతే అనుకుని ఉంటాడు, మిగిలినవి నాన్న మార్చేశాడని.

స్వర్ణ షెడ్డు మూలకు నడిచింది. పాల్ పోయాక డైనో తిప్పినవాళ్ళు లేరు. టార్పాలిన్ మీద దుమ్ము అట్టకట్టింది. అంచు ఎత్తింది.

నాలుగు చక్రాలు. రెంటిమీద తెల్లటి ఇంటూ గుర్తులు, నిన్న గీసినట్టే. మిగిలిన రెంటిమీద ఏ గుర్తూ లేదు. వాటి రబ్బరుమీద కొత్త టైర్లకుండే సన్నటి నూగు ఇంకా నిలబడే ఉంది. నేలమీద ఒక్కసారైనా దొర్లని చక్రాలు. అన్న ఘాట్ ఎక్కాల్సిన చక్రాలు.

వెనక కాలు ఈడ్చిన చప్పుడు. ధర్మేంద్ర ఆమె భుజం పక్కనుంచి చూశాడు. అతనూ ఈ షెడ్డులో పెరిగినవాడే. అతనికి ఎవరూ ఏమీ విడమర్చి చెప్పక్కర్లేదు. ముఖంలో మొదట ఒక వెలుగు వచ్చింది, మునిగిపోతున్నవాడి కాలికి నేల తగిలినప్పటిలా. నెలలుగా ఎవరూ నమ్మని మాట నిజమైంది.

"బావా" అంది స్వర్ణ. "నువ్వు కాదు. నాన్నతో సెప్తాను."

అప్పుడతను గుమ్మం వైపు చూశాడు. ఎలీసమ్మ బకెట్టుతో అక్కడ నిలబడి ఉంది. కూత ఆగిపోయాక ఏమైందో చూద్దామని వచ్చినట్టుంది. మోచేతులదాకా నురగ.

ధర్మేంద్ర ముఖంలో వెలుగు ఆరిపోయింది. స్వర్ణ చేతిలోంచి టార్పాలిన్ అంచు మెల్లగా తీసుకున్నాడు.

"ఒగ్గీ, స్వర్ణా. సెప్పకు."

"బావా, నీ పేరు..."

"ఒక కొడుకు పోనాడు. ఇంకేటి మిగిలిందే అత్తకి?" అన్నాడు ఆమెకు మాత్రమే వినపడేలా. టార్పాలిన్ కప్పేశాడు. తర్వాత కాలు ఈడ్చుకుంటూ మావ ముందుకెళ్ళి నిలబడ్డాడు.

"మావా. నాదే తప్పు."

సత్యరాజు పట్టీ విప్పుతున్న చెయ్యి ఆగింది.

"మలుపులో జోరుగా తొక్కీసేను. వాడు వద్దన్నా ఇన్లేదు. బండిలో ఏటీ నేదు."

"మరిన్నాళ్ళూ నేదన్నావే?"

"బయమేసింది."

ఈ మాటకోసమే సత్యరాజు విరిగిన ఇనుమంతా అతికాడు. నిద్రలేని కళ్ళతో కారు కింద పడుకున్నాడు. ఈ మాట వింటే గుండె తేలికవుతుందనుకున్నాడు. ఇప్పుడు విన్నాక రోలరు గట్టుమీద కూలబడ్డాడు. కొట్టడానికి ఎత్తిన చెయ్యి మేనల్లుడి చొక్కా పట్టుకుంది. పట్టుకుని, దాన్లో ముఖం దాచుకుని, కొడుకు శవం ముందు ఏడవని మనిషి బావురుమన్నాడు. "వాడు వద్దన్నాడ్రా? నా గుంటడు వద్దన్నాడ్రా?"

"అన్నాడు మావా." ధర్మేంద్ర కళ్ళు గోడమీది క్యాలెండరు మీదున్నాయి.

స్వర్ణ టార్పాలిన్ పక్కనే నిలబడిపోయింది. నోరు తెరిస్తే బావ పేరు నిలబడుతుంది. తెరిస్తే అమ్మ కూలిపోతుంది. అమ్మకేసి చూడకూడదనుకుంటూనే చూసింది.

ఎలీసమ్మ గుమ్మంలో లేదు. కారు వెనక కూర్చుని ఉంది.

మొగుడి ఏడుపు వినలేక, చేతులకు ఏదో ఒక పని కావాలనిపించి ఉంటుంది. ఇన్ని నెలలు ముట్టని చక్రాన్ని ముట్టింది. కొబ్బరిపీచు ముంచి ఘాట్ మట్టిని కడుగుతోంది. ఎర్రనీళ్ళు కారి రోలర్ల సందులోకి పోతున్నాయి. పక్కగోడ అయ్యాక చెయ్యి టైరు రోడ్డును తాకే వైపుకు పోయింది. అక్కడ ఆగింది. ఆ వేళ్ళు కడగని టైరు లేదు ఆ రోడ్డులో. పీచు పక్కన పెట్టి, వట్టి చేత్తో నిమిరింది. మళ్ళీ నిమిరింది. వెళ్ళి ముందు చక్రాన్ని నిమిరి వచ్చింది.

తర్వాత వంగి టైరు పక్కగోడను దగ్గరగా చూసింది. పైకి ఉబికిన అక్షరాల సందులో, ఆనాడు పీచు అందని చోట, తెల్లగా ఏదో ఉంది. గులకరాయి తీసినట్టే గోటితో గీసింది. గోటి కింద సుద్ద మిగిలింది.

ఎలీసమ్మ ఆ గోటికేసి చూసింది. షెడ్డు మూల టార్పాలిన్ కేసి, దాని ముందు కాపలాలా నిలబడ్డ కూతురికేసి చూసింది. చివరికి మొగుణ్ణి గుండెకు పట్టుకుని అబద్ధంతో ఓదారుస్తున్న మేనల్లుడికేసి చూసింది. ధర్మేంద్ర ఆవిడ చూపు తప్పించుకున్నాడు. అంతకంటే ఇంకేం కావాలి ఆవిడకి.

"అమ్మా" అంది స్వర్ణ.

ఎలీసమ్మ బకెట్టులో నీళ్ళు కాలవలో పారబోసింది. పీచును రెండుసార్లు జాడించి, మేకుకు తగిలించింది. షెడ్డు వెనకున్న ఇంట్లోకి వెళ్ళింది. పెట్టె మూత పడిన చప్పుడు వినిపించింది. మళ్ళీ బయటికొచ్చేసరికి ఒంటిమీద ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర ఉంది. మంగళవారం మధ్యాహ్నం. చెయ్యి కడుక్కున్నట్టులేదు. గోటి కింద తెలుపు అలాగే ఉంది.

"ఎక్కడికే?" సత్యరాజు తడికళ్ళతో తలెత్తాడు. "ఏటైందే నీకు? మీయోడు ఒప్పుకున్నాడు, ఇన్నావు గదా?"

ఆవిడ ఆగలేదు. ధర్మేంద్ర పక్కనుంచి వెళుతూ అతని తలమీద ఒక్క క్షణం చెయ్యి పెట్టి తీసేసింది. స్వర్ణ పరిగెత్తి గేటుదాకా వచ్చింది. "అమ్మా, నానూ వస్తాను, ఆగు" అంది.

ఎలీసమ్మ వెనక్కి చూడలేదు. చర్చి కుడివైపు. పుట్టినింటికి వెళ్ళాలంటే స్టేషనూ కుడివైపే. ఆవిడ గేటు గొళ్ళెం తీసి, కొడుకు పోయిన ఘాట్ వైపు బస్సులు పోయే ఎడమవైపుకి తిరిగింది. ఇల్లు దాటి వెళ్ళిపోయింది.